ఉప్పునీళ్ల చేపలాయన

మా చేపలాయన పోయి నెల దాటిందట. ఆ సంగతి నాకు మొన్న ఆదివారం తాండూరులో తెలిసింది. రావలసిన ఆదివారాలు రెండు రాకపోతే పెళ్లిళ్ల రోజులు కదా, ఎక్కడో ఇరుక్కుని ఉంటాడనుకున్నాను. ఫోను ఎత్తకపోతే కోపం కూడా వచ్చింది. ఇంట్లో సముద్రపు ఉప్పు డబ్బా అడుగంటింది. ఉప్పు లేకపోతే చేపల గాజుతొట్టిలో నీళ్లు మార్చలేను, మార్చకపోతే అద్దం మీద మళ్లీ పాచి పేరుకుంటుంది. ఈ లెక్క తప్ప ఇంకో ఆలోచన లేకుండా వికారాబాదులో రైలెక్కి తాండూరులో దిగాను. మనిషికే ఏమైనా అయిందేమో అన్న ఊహ ఒక్కసారి కూడా రాలేదు. అలసిపోయినవాళ్లకు ఎదుటివాళ్ల కష్టం తొందరగా తట్టదు. ఇది సాకు కాదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఆయన దుకాణం స్టేషను దగ్గర ఒక సందులో ఉంది. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల గాజుతొట్లన్నీ ఎండిపోయి, గోడవారగా బోర్లించి ఉన్నాయి. ఇరవై ఏళ్ల అమ్మాయి నేల ఊడుస్తోంది.

"బాపు లేడు మేడం. పోయి నెల దాటింది," అంది చీపురు పక్కన పెట్టి.

"ఏమైందమ్మా?"

"ఊపిరితిత్తులల్ల రాయి దుమ్ము. పాలిష్ మిషిన్ కాడ ఇరవై ఏండ్లు చేసిండు గద. మాకు గూడ ఆఖరికే తెలిసింది." నా మొహం కాసేపు చూసి, "మీరు వికారాబాద్ ఉప్పు మేడమా? బాపు ఫోన్ల మీ నంబరు గట్లనే ఉన్నది. ఎవలో ఉప్పు అమ్మేటోళ్లనుకొని నేను ఎత్తలే," అంది.

నా ఫోనులో ఆయన "తాండూరు చేపలు". ఏడాదిపాటు మా ఇంట్లో చాయి తాగిన మనిషి పేరు నేను అడగలేదు, ఆయనా నా పేరు అడగలేదు. ఆ అమ్మాయి చెబితే పేరు ఆ రోజే మొదటిసారి విన్నాను. ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఆ పేరు వింటుంటే ఎవరో తెలియని మనిషి గురించి చెబుతున్నట్టుగా ఉంది. మేము ముగ్గురం, నేను, మా ఆయన, మా అత్తమ్మ, ఆయనను చేపలాయన అనే అనుకునేవాళ్లం.

అటక మీద మిగిలిన ఉప్పు సంచిని ఆ అమ్మాయి దించి నా చేతిలో పెట్టింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని తిరుగు రైల్లో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మా ఆయనకు ఈ మాట ఎట్లా చెప్పాలి అన్న ఒక్క బెంగే వికారాబాదు దాకా నాతో వచ్చింది.

మా ఆయన లారీ నడిపేవాడు. తాండూరులో నాపరాళ్లు నింపుకుని మంగళూరు దాకా పోయేవాడు. సరుకు దించాక ఒక పూట సముద్రం ఒడ్డున కూర్చుని వచ్చేవాడు. ఆ పూట కోసమే బండి నడుపుతున్నానని అనేవాడు. రెండేళ్ల కింద వానాకాలంలో నలభై ఏడేళ్లకే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాటా పోయాయి. చెప్పింది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది నోటికి రాదు. హైదరాబాదు డాక్టరు మొదటి ఏడాది, రెండో ఏడాదే ముఖ్యమన్నాడు. "మీరు మాట్లాడించాలి. ఆయన మాట కోసం ఆగాలి," అన్నాడు. ఆగాలనే నాకూ ఉండేది. పొద్దున్నే ఆయనకు స్నానం, టిఫిను, మందులు, ఆ తరవాత నవాబుపేట బస్సు, బడిలో జీవశాస్త్రం, సాయంత్రం మళ్లీ అదే వరస. ఆయన నోరు తెరిచి తంటాలు పడుతుంటే నాకు బస్సు టైము కనిపించేది. "నీళ్లా? చాయా? లుంగీ మార్చాలా?" అని మూడు మాటలు నేనే అందించి, తల ఊపగానే పని కానిచ్చి పోయేదాన్ని. కొన్నాళ్లకు ఆయన నోరు తెరవడం కూడా మానేశాడు. నిజం చెప్పాలంటే నాకు అది కొంత తేలికగానే ఉండింది.

మా మరిది అన్నకు సముద్రమంటే ఇష్టమని హైదరాబాదు నుంచి రెండడుగుల గాజుతొట్టి, ఉప్పునీళ్లు, రాళ్లు, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు తెచ్చాడు. మంచానికి ఎదురుగా బల్ల మీద పెట్టి, నీలం లైటు వెలిగించి, ఫోటో తీసుకుని పోయాడు. మా ఆయన ఆ రోజంతా దాన్నే చూశాడు. పక్షవాతం వచ్చిన నాలుగు నెలలకు ఆయన కళ్లల్లో కాస్త కదలిక కనిపించింది. మా అత్తమ్మ తొట్టికి దిష్టి తీసింది.

మూడో వారానికి ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు బూడిద పడింది. ఆరో వారానికి అద్దమంతా పచ్చబడింది. తరవాత రాళ్లకు మేకగడ్డంలాగా నాచు వేలాడసాగింది. చేపలెక్కడున్నాయో వెతుక్కోవాలి. మా ఆయన పచ్చటి అద్దాన్ని కాసేపు చూసి కళ్లు మూసుకునేవాడు. నేను బడిలో శైవలాల పాఠం చెప్పే మనిషిని, బోర్డు మీద బొమ్మ గీసి మార్కులు వేసే మనిషిని, ఇంట్లో మాత్రం దాన్నేం చేయాలో తెలియలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా, అది నా గురించే. మరిదికి ఫోను చేస్తే, హైదరాబాదు దాటాక ఉప్పునీళ్ల చేపల సంగతి తెలిసినవాడు తాండూరులో ఒక్కడున్నాడని నంబరు పంపాడు.

చేపలాయన మొదటిసారి వచ్చినప్పుడు మెట్ల మీద మూడుసార్లు ఆగి పైకి వచ్చాడు. యాభై దాటిన మనిషి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, చేతిలో ఇరవై లీటర్ల క్యాను. లోపలికి రాగానే తొట్టిని చూడలేదు. స్టూలు లాక్కుని, తొట్టికి వీపు పెట్టి, మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"జర చాయి పొయ్యుండ్రి టీచరమ్మా. వచ్చీరాంగనే తొట్టి జూస్తే చెయ్యి ఊకుండదు. ఏదో ఒకటి కెలుకుతది," అన్నాడు.

ప్రతిసారీ అంతే. చాయి అయ్యేదాకా తొట్టి వైపు తిరిగేవాడు కాదు. తరవాత చేతులు మోచేతుల దాకా వట్టి నీళ్లతో కడిగేవాడు, సబ్బు ముట్టేవాడు కాదు. ముక్కు నీళ్లకు ఆనేంత దగ్గరగా వంగి వాసన చూసేవాడు. అప్పుడు గాని కళ్లతో చూడడం మొదలయ్యేది కాదు.

ఆ మొదటి రోజు నేను నా చదువు చూపించుకున్నాను. ఇది శైవలం, వెలుతురు, పోషకాలు దొరికితే పెరుగుతుంది అని పాఠమంతా చెప్పాను. మంచి పిల్లవాడిలాగా విని, "గట్లనా! మరెట్ల పోతది టీచరమ్మా?" అన్నాడు. అది నా పుస్తకంలో లేదు. ఆయన నవ్వలేదు, అందుకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

"కొత్త కాపురం గద. కొత్త కాపురానికి చుట్టాలు వస్తరు," అన్నాడు. "మొదలు గోధుమరంగోళ్లు వస్తరు, పోతరు. ఎనక పచ్చోళ్లు వస్తరు. వాళ్లు గంత జల్ది పోరు. మందులు గిట్ల పోసి పొగబెడితే చుట్టం పోడు, ఇంటోళ్లకే దగ్గొస్తది. పెట్టేది తగ్గించాలె. అంతే, ఇర్లి బిడు."

ఇర్లి బిడు అంటే కన్నడంలో ఉండనీ, వదిలెయ్ అని. కన్నడం సరిహద్దు మీది మనిషి, ప్రతి కష్టానికీ ఆ మాటే వాడేవాడు. అద్దం పచ్చబడితే ఇర్లి. రైలు రెండు గంటలు లేటయితే ఇర్లి. నాకు మొదట్లో ఒళ్లు మండేది. ఇల్లు తగలబడుతుంటే ఉండనీ అనేవాడిని ఏం చేయాలి?

మేము పోస్తున్న నీళ్లలో, శుద్ధి కొలిచే పెన్ను లాంటిదొకటి ముంచి చూశాడు. అవి వాటర్ ప్లాంటు నుంచి వచ్చే క్యాను నీళ్లు, శుద్ధమైనవని నా నమ్మకం. "ఇవి మంచినీళ్లే, మనుషులకు. వట్టి శుద్ధమైన నీళ్లు చప్పగుంటయని జనం తాగరు, అందుకని ప్లాంటోళ్లు జర బోరు నీళ్లు కలుపుతరు. గా బోరు నీళ్లల్ల పాచికి కావలసిన బలమంత ఉంటది," అన్నాడు. నా బుర్రకు తట్టని సంగతి అది. అప్పటి నుంచి తన దుకాణంలో వడగట్టిన నీళ్లు తనే మోసుకొచ్చేవాడు. వద్దన్నా వినలేదు.

తరవాత పాత ఏటీఎం కార్డు ఒకటి జేబులోంచి తీసి అద్దం గీకడం మొదలుపెట్టాడు. ముందరి అద్దం ఒక్కటే గీకాడు. పక్క అద్దాలు, వెనక అద్దం పచ్చగానే వదిలేశాడు. అవి కూడా గీకమన్నాను.

"ముందటి అద్దం అన్నకు. ఎనక అద్దం నత్తలకు. నత్తలను తెస్తగద, అవి ఏం మెయ్యాలె? పాచి ఉంటదమ్మా. ఎక్కడుండాల్నో అక్కడుంటే సాలు." అని మా ఆయన వైపు తిరిగాడు. "అన్నా, నత్తలు మూడు తేవాల్నా, అయిదు తేవాల్నా?"

వంటింట్లోంచి నేను "అయిదు తెండి," అన్నాను.

చేపలాయన అరచెయ్యి ఎత్తాడు. "మీరాగుండ్రి టీచరమ్మా. అన్ననడిగిన."

ఇక ఆగాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, మా ఆయన మొహం చూస్తూ, ఏ తొందరా లేకుండా కూర్చున్నాడు. పొయ్యి మీద పప్పు పొంగింది, దింపాను. ఒకసారి తొంగి చూశాను, ఇద్దరూ అట్లాగే ఉన్నారు. ఎంతసేపయిందో, మంచం మీంచి "మూ" అని వినిపించింది. తరవాత ఇంకొంచెం గట్టిగా, "మూడు."

"మూడే తెస్త," అని చేపలాయన లేచాడు, బజారులో ఎవరో చెప్పిన మాట విన్నట్టు. మా అత్తమ్మ వంటింటి గడప మీద కూలబడి ఏడ్చింది. నేను పప్పులో పోపు మాడబెట్టాను.

మూడు నత్తలు తెచ్చిన రోజు, సన్నటి పటకారుతో రాళ్ల సందులో ఏదో పట్టి బయటికి తీశాడు. ఉబ్బి తెల్లగా ఉంది.

"చేపలకేం పెడ్తున్నరు టీచరమ్మా?"

"పొద్దున ఒక చిటికెడు. డబ్బా మీద రాసినట్టే."

అరచేతిలో ఉన్నదాన్ని చూశాడు. నానిన మురమురా. తరవాత మా అత్తమ్మను చూశాడు. ఆమెకు అప్పుడే బియ్యంలో రాళ్లు ఏరే పని గుర్తొచ్చింది. చేపలాయన ఆ మురమురాను చిదిమి పంట్లాముకు తుడుచుకుని, "ఇర్లి," అన్నాడు. స్టూలు ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

"అవ్వా, చిన్నప్పుడు గొర్లు గాసినవట గద?"

"గాస్తి. బంట్వారం కాడ. నాలుగు ఇరువైల గొర్లు."

"అవి తిన్నకొద్ది మేపుతుంటివా?"

"ఎట్ల మేపుతరు? లేత జొన్న మీద ఇడిస్తే తిని తిని సస్తయి. గొర్రెకేం ఎర్క, గాసేటోనికి ఎర్కుండాలె."

"చేప గూడ గంతే అవ్వా. పెట్టినకొద్ది తింటది. అది ఇడిసిపెట్టింది నీళ్లల్ల మురిగి పాచికి ఎరువైతది. మనం చేపకు పెడ్తున్నమనుకుంటం, పాచికి పెడ్తుంటం." మేత డబ్బా ఆమె ఒళ్లో పెట్టాడు. "ఇయ్యాల్టి సంది చేపల మేత నీదే. పొద్దుగాల ఒక్క చిటికెడు, లైటు ఆరు గంటలు. నత్తలు మూడు, పొద్దూకినప్పుడు లెక్క జూసుకో. టీచరమ్మ గూడ ముట్టొద్దు."

మెట్ల దాకా సాగనంపుతూ, "దొంగ చేతికే తాళాలిచ్చిండ్రేందన్నా?" అన్నాను.

"మరెవ్వలకిస్తం? ఎంత పోతున్నదో దొంగకే ఎర్క," అన్నాడు.

ఆయన పోయాక అడగకుండానే మా అత్తమ్మ చెప్పింది. నేను స్నానానికి పోగానే రోజూ గుప్పెడు మురమురాలు తొట్టిలో వేసేదట. "నోరులేని జీవాలకు పెడితే నా కొడుకు నోరు దెరుస్తడని మొక్కిన," అంది. నేను తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ మాట విన్నాక తిట్టలేకపోయాను. మొన్న వచ్చిన 'మూడు' కూడా మురమురాల పుణ్యమేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని చిటికెడుకు తెచ్చినవాడు చేపలాయనే. మర్నాటి నుంచి ఆమె గొర్రెల మంద లెక్క చూసినట్టు నత్తల లెక్క చూసేది. ఒకటి కనిపించకపోతే అన్నం ముట్టేది కాదు.

పదిహేను రోజులకొకసారి ఆయన వచ్చే ఆదివారాల్లో నాకు ఇంకో లాభం ఉండేది. మధ్యాహ్నం ఆ గంటన్నర నేను లోపలి గదిలో పడుకునేదాన్ని. ఆ పదిహేను రోజులకూ అదే నా నిద్ర. గోడ అవతల ఆయన గొంతు సన్నగా, తెరపులు తెరపులుగా వినిపిస్తుండేది. చేపలతో మాట్లాడుతున్నాడనుకునేదాన్ని. చేపల దుకాణం పెట్టకముందు ఆయన పాలిష్ పెట్టిన నాపరాళ్లే మా ఆయన లారీలో మోసి ఉంటాడు కదా, ఆ ముచ్చట్లేమో అనుకునేదాన్ని. అంతకన్నా ఆలోచించేలోపు నిద్ర పట్టేది.

నాచు ఒక నెలలో పోలేదు. తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఆ మధ్య బంట్వారంలో మా చిన్నమామ పోయాడు. పదకొండు రోజుల మైల. పదకొండో రోజు ఇల్లంతా కడిగాం, కుండలో నీళ్లు, బిందెల్లో నీళ్లు పారబోశాం. మా అత్తమ్మ తొట్టి ముందు నిలబడి, "గీ నీళ్లు గూడ మైల జూసినయి. పారబొయ్యాలె," అంది.

నాకు తెలుసు. రాళ్లల్లో, ఇసుకలో కంటికి కనపడని జీవాలుంటాయని, చేపల మలినాన్ని అవే తిని నీళ్లను నిలబెడతాయని నాకు తెలుసు. తొమ్మిదో తరగతికి ఆ పాఠం చెప్పాను. కాని అప్పుడు రాళ్లకు నాచు జానెడు పొడుగు వేలాడుతోంది, పదకొండు రోజుల చాకిరీతో నా నడుము విరిగిపోతోంది, ఏదో ఒకటి ఒక్క దెబ్బకు శుభ్రం కావాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. అత్తమ్మ మాట నాకు సాకుగా దొరికింది. నీళ్లన్నీ తోడి పారబోశాను. రాళ్లు బోరు నీళ్లలో స్టీలు పీచు పెట్టి తోమాను. ఇసుక బియ్యం కడిగినట్టు కడిగాను. కొత్త నీళ్లు, కొత్త ఉప్పు. తొట్టి పెళ్లిపందిరిలాగా మెరిసింది. మా ఆయన చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

మూడో రోజు ఒక చేప పక్కకు ఒరిగి ఈదింది. నాలుగో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అది చచ్చి ఇసుక మీద పడి ఉంది. ఎప్పుడు చచ్చిందో తెలియదు. మా అత్తమ్మ అసలే చూపు తక్కువ మనిషి, గమనించలేదు. మా ఆయన మంచం మీంచి చూస్తూ ఉన్నాడు. పిలుద్దామంటే నోరు రాదు, లేద్దామంటే కాలు రాదు. పొద్దంతా దాన్నే చూశాడు. నేను దాన్ని తీసి పారేసి వచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అప్పటికి ఆయనకు వచ్చిన మాటలు ఆరో ఏడో ఉన్నాయి. అవన్నీ ఆగిపోయాయి.

ఫోను చేస్తే చేపలాయన మర్నాడే, ఆదివారం కాకపోయినా వచ్చాడు. తన తొట్టిలోంచి, ఆ కనపడని జీవాలున్న పాత రాయొకటి, స్పాంజి ముక్కొకటి తడిబట్టలో చుట్టి తెచ్చాడు. నేను చేసిందంతా చెప్పాను. తిడితే బాగుండేది. మెరుస్తున్న తొట్టిని చూసి, "బాగ తోమిండ్రు టీచరమ్మా," అన్నాడు. అందులో ఎగతాళి లేదు. పాత రాయిని నీళ్లలో పెట్టి మా అత్తమ్మ దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, మైల దీరినంక మీ ఊర్ల బాయి నీళ్లన్ని తోడి పారబోస్తుండ్రా?"

"బాయి నీళ్లెట్ల పారబోస్తరు బిడ్డా? ఒక బిందె తోడి అవుతల పోస్తం. బాయికి ఊట ఉంటది. బాయికి మైల లేదు."

"మరి గిది గూడ బాయే అనుకో. పదిహేను దినాలకు ఒక బిందె తోడు, ఒక బిందె పొయ్యి. తతిమ్మయి ముట్టకు. ఎవ్వలు సచ్చినా ముట్టకు."

ఆమె ఒప్పుకుంది. నేను ఏడాది చెప్పినా ఒప్పుకునేది కాదు. నా చదువు ఆమెకు పుస్తకంలో మాట, ఆయనది బావి దగ్గర మాట.

అప్పుడు మంచం పక్కకు పోయి, మా ఆయన వీపుతో మాట్లాడినట్టు అడిగాడు. "అన్నా, ఇంకో చేప తెద్దామా? ఉన్నదాన్నే బతికించుకుందామా?"

మా ఆయన గోడ వైపు నుంచి తిరగలేదు. చాలాసేపు కూర్చున్నాడు. "ఫికరు లేదు. మల్ల వచ్చినప్పుడు చెప్పు," అని పోయాడు.

తరవాత వచ్చినప్పుడు మళ్లీ అదే అడిగాడు. అదే ప్రశ్న, అవే మాటలు. మళ్లీ గోడే జవాబు. ఆ తరవాత మళ్లీ. నాకు విసుగొచ్చి, "ఇంకొకటి తెచ్చేయండన్నా, ఆయనను అడిగి లాభమేంది?" అన్నాను. "అడిగినంక ఎట్ల తెస్తం టీచరమ్మా? అడిగితిమి గద," అన్నాడు. అయిదుసార్లు అడిగాడు. ఈలోగా తొట్టికి మళ్లీ గోధుమరంగు వచ్చింది, పోయింది. పచ్చ వచ్చింది, అద్దం ఒకటి వదిలి మిగిలినచోట ఉండిపోయింది. మిగిలిన చేప బతికింది. ఆరోసారి అడిగినప్పుడు మా ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. దవడ చాలాసేపు కదిలింది.

"ఉన్నది," అన్నాడు.

"గంతే, ఉన్నది సాలు," అని చేపలాయన చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఆ రోజు నేను పడుకోలేదు. ఆయన అద్దం గీకుతుంటే పక్కన నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు, థాంక్స్ చెప్పాలనుకున్నానేమో. చెప్పలేదు. మనం చెప్పాలనుకున్నవి చెప్పకపోవడానికి పక్షవాతమే రానక్కర్లేదు.

తాండూరు నుంచి వచ్చిన ఆ ఆదివారమే, ముందుగా మా అత్తమ్మకు చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "వానికి చెప్పకు. మల్ల గోడ దిక్కు దిరుగుతడు," అంది. నాకూ అదే భయం. మంగళవారం దాకా దాచాను. మా ఆయన తలుపు వైపు చూసినప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకున్నాను. నీళ్లా, చాయా, ఫ్యానా అని పాత పద్ధతిలోనే మాటలు అందించాను. ఆయన తల కూడా ఊపలేదు. మంగళవారం సాయంత్రం బడి నుంచి వచ్చి, ఇక నావల్ల కాక, చేపలాయన స్టూలు లాక్కుని కూర్చుని ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ఇగో, తాండూరు చేపలాయన పోయిండట. నెల దాటింది. ఊపిరితిత్తులల్ల రాయి దుమ్ము. ఇంట్లోళ్లకు గూడ ఆఖరికే తెలిసిందట."

ఆయన మొహం మారలేదు. గోడ వైపు తిరుగుతాడేమోనని చూశాను. తిరగలేదు. దవడ కదులుతోంది. నీళ్లు కావాలా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"తె... తెలుసు," అన్నాడు.

"తెలుసా? ఎవరు చెప్పిండ్రు?"

నేను కూర్చున్న స్టూలును ఎడమచేత్తో చూపించాడు. గోడ అవతల నేను నిద్రపోయిన ఆదివారాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇంట్లో పెళ్లాం పిల్లలకు చెప్పుకోని తన జబ్బు మాట, ఇక ఎన్నాళ్లో ఉండనన్న మాట ఆ మనిషి ఇక్కడ కూర్చుని మా ఆయనకు చెప్పుకున్నాడు. మా ఆయన అది మోస్తూ ఇన్నాళ్లూ నా ఎదురుగానే ఉన్నాడు. నాకు దుఃఖం వచ్చింది, దానికన్నా ముందు కోపం వచ్చింది.

"నాకెందుకు చెప్పలే?"

అని, వెంటనే నాలుక కొరుక్కున్నాను. ఎవరిని ఏమి అడుగుతున్నాను? ఆయన మాత్రం ఆ ప్రశ్నను ప్రశ్నలాగే తీసుకున్నాడు. కళ్లు నా మొహం మీదే పెట్టి వెతుక్కోసాగాడు. వంటింట్లో మా అత్తమ్మ గిన్నెలు సర్దడం ఆపింది. వీధిలో ఒక ఆటో వచ్చి, ఎవరినో దించి, వెళ్లిపోయింది. నేను స్టూలు మీద అట్లాగే కూర్చున్నాను.

"నువ్వు," అన్నాడు. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. "నువ్వు... అడగలే."